పాత వేషములు చెప్పు సాక్ష్యము

మన పల్లెలలో భాగవతములాడిన కుటుంబముల యిండ్లలోను, ఒకప్పటి నాటక సమాజములలో పాత్రలు ధరించినవారి యిండ్లలోను అటకపై ఒక పాతపెట్టె ఉండుట కలదు. దానిని తెరచినచో రంగు వెలిసిన మఖమలు అంగీలు, నల్లబడిన జరీ అంచులు, రేకులూడిన కొయ్య కిరీటములు, అద్దపు బిళ్ళలు రాలిన భుజకీర్తులు కనబడును. ఆ వేషములు కట్టిన పెద్దలు గతించినారు. పిల్లలకు ఆ పెట్టెతో పని లేదు. ఇల్లు బాగుచేయించునపుడో, పండుగకు బూజులు దులుపునపుడో దానిని క్రిందికి దింపుదురు. పనికిరావని తోచినవి పెంటకుప్పకు పోవును. జరీ ఉన్నవి పాతజరీ కొనువారి చేతికి పోవును. వెండి కొరకు ఆ జరీని కాల్చివేయుదురు.

ఆ మంటలో ఒక్క గుడ్డ మాత్రమే కాలిపోవుట లేదు. ఆ గ్రామమున నాటకము ఎట్లాడిరో చెప్పగల సాక్ష్యము కూడ కాలిపోవుచున్నది. పాత వేషమును చూచి నాటి ప్రదర్శనమును తెలిసికొనుట నేడు అనేక దేశములలో ఒక శాస్త్రముగ పెరిగినది. ఆ శాస్త్రము ఎట్లు పనిచేయునో, మన గ్రామముల వేషములు ఏమి చెప్పగలవో, వానిని కాపాడుటకు పంచాయతీలు ఏమి చేయవచ్చునో ఈ వ్యాసమున వివరింపబడును.

గ్రంథము చెప్పనిది వేషము చెప్పును

నాటక గ్రంథము వేరు, నాటక ప్రదర్శనము వేరు. గ్రంథము మిగిలియున్నచో పాత్రలు పలికిన మాటలు తెలియును. కాని ఆ మాటలు పలికినపుడు నటుడు ఎట్లు నిలిచెను, ఎంత వేగముగ తిరిగెను, దూరమున కూర్చున్న ప్రేక్షకునకు అతడు ఎట్లు కనబడెను అను విషయములు గ్రంథమున ఉండవు. ప్రదర్శనము ఏ రాత్రికి ఆ రాత్రితోనే ముగిసిపోవును.

మన పూర్వులు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగ విభజించిరి. వీనిలో అంగముల కదలికయు, మనోభావమును వెల్లడించు సాత్త్వికమును నటునితోడనే పోవును. వాచికములో మాట కాగితముపై నిలుచును గాని కంఠము నిలువదు. చేతితో తాకి చూడదగిన వస్తువుగా మిగులునది ఆహార్యము, అనగా వేషము, ఒక్కటియే.

పాత ఛాయాచిత్రములున్నవి కదా యని కొందరు అనవచ్చును. అవియు విలువైనవే. కాని తొలినాటి చిత్రములలో రంగు లేదు, కదలిక లేదు. నటుడు ఛాయాచిత్రకారుని గదిలో పగటివేళ కదలక నిలుచుండగా తీసినవి వానిలో పెక్కు. రాత్రి ప్రదర్శనములో వేషము ఏ రంగుతో మెరసెనో, నటుని కదలికకు ఎట్లు లొంగెనో తెలియవలెనన్నచో వేషమునే చూడవలెను.

వేషమును చదువు విధము

పరిశోధకుడు పాత ఉడుపును చేతికి తీసికొన్నపుడు ముందుగా దాని అందమును చూడడు. దానిని త్రిప్పి లోపలివైపు చూచును. పైభాగము ప్రేక్షకుని కొరకు చేసినది. లోపలిభాగము నటుని సంగతి చెప్పును. ఆ చూపులో నాలుగు ప్రశ్నలు ఇమిడియుండును.

మొదటిది, దీనిని ఎవరు ధరించిరి? భుజముల వెడల్పు, ఛాతి కొలత, చేతుల పొడవు చూచినచో ధరించినవారి దేహము తెలియును. ఒకే అంగీకి మూడు వరుసల కొక్కెములున్నను, కుట్లు విప్పి వెడల్పు చేసిన గుర్తులున్నను అది ఒకరి తరువాత ఒకరు ధరించినదని గ్రహింపవచ్చును. మెడపట్టీ లోపల సిరాతో వ్రాసిన పొడి అక్షరములు ఒక్కొక్కప్పుడు నటుని పేరునే తెలుపును.

రెండవది, వారు ఎట్లు కదలిరి? మోకాళ్ళ వద్ద అరిగిన చల్లడము ఆ పాత్రకు మోకరిల్లు ఘట్టమున్నదని సూచించును. చంకలలో అదనపు ముక్క వేసి కుట్టినచో చేతులు బాగుగ పైకెత్తవలసి వచ్చినదని అర్థము. అంచు ఒకవైపుననే చిరిగియున్నచో నటుడు ఆ వైపునకే ఎక్కువగ తిరిగియుండవచ్చును.

మూడవది, ఏ వెలుగులో చూపించిరి? కాగడా వెలుగునకు చేసిన వేషమున పెద్ద అద్దములు, వెడల్పైన రేకులు, ముదురు రంగులు ఉండును. చిన్న పనితనము ఆ వెలుగులో కనబడదు. విద్యుద్దీపముల కాలపు వేషమున సన్నని పని చేయించినను వృథా కాదు.

నాలుగవది, ఏ స్థితిగతులలో వాడిరి? ముందువైపు పట్టు, వెనుకవైపు ముతక నూలు ఉన్నచో సమాజము పొదుపుగ నడచినదనియు, ప్రేక్షకులు ముందువైపుననే కూర్చుండిరనియు తోచును. అతుకు మీద అతుకు ఉన్నచో ఆ నాటకము అనేక పర్యాయములు ఆడబడినది.

ఇట్టి ఆనవాళ్ళలో ఏ ఒక్కటియు తనంతట తాను తీర్పు చెప్పజాలదు. అన్నియు ఒకచోట చేర్చి, గ్రంథముతోను, చిత్రములతోను, పెద్దల మాటలతోను సరిచూచినపుడే నిజము తేలును. ఈ పద్ధతి ఫలించిన రెండు దృష్టాంతములను ముందు చూతము. ఇవి విదేశములవి. అక్కడి వేషములు ప్రదర్శనశాలలలో నిలిచి, చాలకాలము పరిశోధింపబడినవి గనుక వానిని గ్రహించుట సులభము. పిమ్మట మన ఊళ్ళకు వత్తము.

జీరంగి రెక్కల ఉడుపు

లండను నగరములోని లైసియం నాటకశాలలో 1888 డిసెంబరులో షేక్స్పియరు రచించిన మాక్‌బెత్ నాటకము ప్రదర్శింపబడెను. అందు రాణి పాత్రను ఎల్లెన్ టెర్రీ అను ప్రసిద్ధ నటి ధరించెను. ఆమె ఉడుపు ఆకుపచ్చని అల్లిక పని. దానిపై సుమారు 1,000 పురుగురెక్కల చిప్పలు కుట్టబడినవి. మన పిల్లలు జీరంగి యని, బంగారు పురుగని పిలుచు జాతి పురుగుల రెక్కలవంటివే అవి. ఇట్టి రెక్కలను గుడ్డపై కుట్టు పనితనము మన దేశమున పూర్వము ప్రసిద్ధి కెక్కినది.

జాన్ సింగర్ సార్జెంట్ అను చిత్రకారుడు 1889లో ఆమెను ఆ ఉడుపుతో చిత్రించెను. రాణి తన రెండుచేతులతో కిరీటమును పైకెత్తి తలపై పెట్టుకొనబోవుచున్నట్లు అందు కలదు. ఆ చిత్రము లోకప్రసిద్ధము. కాని అట్టి ఘట్టము నాటకమున లేదు. అది చిత్రకారుని కల్పన. చిత్రము ఎంత గొప్పదైనను ప్రదర్శనమునకు సరియైన సాక్షి కాకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఉడుపు మాత్రము కెంటు ప్రాంతమున టెర్రీ నివసించిన యింటిలో నిలిచియుండెను. కాలక్రమమున అది సాగిపోయెను, రెక్కలు విరిగెను. దానిని నిపుణులు చాలకాలము పరీక్షించి బాగుచేసి 2011లో తిరిగి ప్రదర్శనమున ఉంచిరి. ఈ పనికి సుమారు 1,300 గంటలు పట్టెను. విరిగిన రెక్కలను నూరు వరకు పలుచని జపాను కాగితముతోను, గోధుమపిండి జిగురుతోను ఒక్కొక్కటిగ అతికించిరి. అయితే పనిలో అధిక భాగము అతికించుటకు గాక, ఉడుపును అర్థము చేసికొనుటకే పట్టినది. తరువాతి కాలమున దాని ఆకృతిని, చేతులను పెక్కు మార్పులు చేసినట్లు కుట్లను బట్టి కనిపెట్టిరి. ఏది మొదటి కుట్టు, ఏది తరువాతి కుట్టు అని విడదీసిన పిమ్మటనే 1888 నాటి రూపము తేలినది.

ఆ రూపము తేలినపుడు ప్రదర్శనము కూడ కొంత బోధపడినది. నాటి లైసియములో గ్యాసు దీపములు వెలుగుచుండెను. ఆ వెలుగు నిశ్చలము కాదు, చలించునది. ఆ చలించు వెలుగులో నటి కదలినప్పుడెల్ల వేయి రెక్కలు పచ్చగను నీలముగను తళుకులీని, పాము పొలుసులను, యోధుని కవచమును తలపించును. పాత్ర క్రౌర్యమును నటి నోరు తెరువకముందే ఉడుపు చెప్పుచుండెను.

నశించిన నృత్యము తిరిగి దొరకిన విధము

రెండవ దృష్టాంతము మరింత ఆశ్చర్యకరము. దియాగిలెవ్ నడిపిన రష్యను నృత్య బృందము 1913 మే 29న పారిస్ నగరమున ఒక కొత్త నృత్యనాటకమును ప్రదర్శించెను. ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ అను పేర అది నేడు ప్రసిద్ధము. ప్రాచీన రష్యాలో వసంతాగమన వేళ ఒక కన్యను బలియిచ్చుట అందలి కథ. సంగీతము స్ట్రావిన్‌స్కీది, నృత్యరచన నిజిన్‌స్కీది. వేషములను రూపొందించినవాడు నికొలాయ్ రోయరిఖ్. ఈ చిత్రకారుడే తరువాత మన దేశమునకు వచ్చి కులూ లోయలో స్థిరపడి, 1947లో అక్కడనే మరణించెను.

మొదటి రాత్రి ప్రేక్షకులు నాటకశాలలో పెద్ద గొడవ చేసిరి. నిజిన్‌స్కీ కూర్చిన రూపములో ఆ నృత్యము పారిస్, లండను నగరములలో పట్టుమని పదిమార్లయినను ఆడబడలేదు. తరువాత దానిని మరచిపోయిరి. సంగీతము నిలిచినది గాని నృత్యము పోయినది. అయితే ఆనాటి వేషములు కొన్ని పెట్టెలలో మిగిలి, దశాబ్దముల పిమ్మట వేలములలో బయటపడి ప్రదర్శనశాలలకు చేరినవి.

మిలిసెంట్ హాడ్సన్, కెన్నెత్ ఆర్చర్ అను ఇరువురు పరిశోధకులు పెక్కు సంవత్సరములు శ్రమించి ఆ నృత్యమును తిరిగి కూర్చిరి. నిజిన్‌స్కీకి సహాయము చేసిన మేరీ రాంబెర్ట్ వ్రాసికొన్న గుర్తులు, ప్రేక్షకులలో ఒకరు గీసిన రేఖాచిత్రములు, నాటి పత్రికల విమర్శలు, మిగిలిన వేషములు వారికి ఆధారములు. వేషములు ముతక ఉన్నితో కుట్టిన బరువైన పొడవు అంగీలు. వాని అంచులపై వలయములు, చతురస్రములు మొదలగు ఆకృతులు చిత్రింపబడినవి. ఈ ఆకృతులకును, నర్తకుల గుంపులు రంగస్థలముపై కూడి తిరిగిన వలయములకును పోలిక ఉన్నదని వారు గమనించిరి. అంత బరువైన ఉన్ని ధరించి గాలిలో తేలియాడుట సాధ్యము కాదు. పాదములు లోనికి త్రిప్పి, నడుము వంచి, నేలను బలముగ తన్నుచు ఆడిన నృత్యమది యని విమర్శకులు వ్రాసిన దానికి ఆ గుడ్డయే తోడు సాక్ష్యము పలికినది. 1987లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున జాఫ్రీ బృందము ఆ నృత్యమును తిరిగి ప్రదర్శించెను.

ఈ వేషములను 1913 తరువాత ఎవరైన శుభ్రపరచెదమని ఉతికి, కొత్త రంగు వేసి, కత్తిరించి మరియొక నాటకమునకు మార్చియున్నచో ఈ ఆధారము దొరకెడిది కాదు.

మన వేషములు ఏమి చెప్పుచున్నవి?

ఇప్పుడు మన ఊరి పెట్టెను తెరచి చూతము. కూచిపూడి భాగవతులు, వీధినాటకములాడువారు, తెలంగాణములోని చిందు యక్షగాన బృందములు ధరించు కిరీటములు, భుజకీర్తులు, హస్తకడియములు ఎక్కువగా తేలికైన కొయ్యతో చేసినవి. కొయ్యను చెక్కి, నునుపు చేసి, రంగు పూసి, బంగారు వన్నె రేకులును అద్దపు ముక్కలును అతికింతురు. లోహముతో ఏల చేయలేదు? పేదరికము ఒక్కటే కారణము కాదు. బరువైన ఆభరణములు నటుని అలసటకు గురిచేయునని, కనుక లక్క, పలుచని రేకులు మొదలగు తేలిక వస్తువులతో వానిని చేయవలెనని భరతుని నాట్యశాస్త్రమే చెప్పుచున్నది. రాత్రి ఆరంభించి తెల్లవారువరకు ఆడవలసిన నటునకు, ఊరి నుండి ఊరికి సామగ్రిని మోసికొని పోవలసిన బృందమునకు ఈ నియమము ఎంత అవసరమో ఒక కొయ్య కిరీటమును చేతబట్టి చూచినచో తెలియును. కనుక పాత కిరీటమును తూచి దాని బరువు వ్రాసియుంచుట వ్యర్థమైన పని కాదు.

ఒక భుజకీర్తిని తీసికొందము. ముందువైపు తళుకు, వెనుకవైపు చెక్కిన ఉలి గుర్తులు. త్రాడు కట్టుటకు ఒకటికి మించి రంధ్రములున్నచో పొట్టివారును పొడుగువారును దానిని ధరించినట్లు. లోపలి అంచు చెమటతో నల్లబడియున్నచో చిరకాలము వాడినట్లు. పై అంచున మసి పేరియున్నచో అది కాగడాల నాటిది కావచ్చును. ఆ దినములలో పాత్ర ప్రవేశించునపుడు ఇరువురు తెర పట్టుకొనుచుండిరి. కాగడాపై గుగ్గిలపు పొడి చల్లగా మంట భగ్గున లేచెడిది. ఆ ఒక్క క్షణపు వెలుగులో రాజును రాక్షసుని ప్రేక్షకుడు గుర్తింపవలెను. భుజములను మించి వెడల్పుగ చాచిన ఆ అద్దపు రెక్కలు అందుకొరకే.

సత్యభామ జడ మరియొక ఉదాహరణము. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తెర వెనుక నిలిచి, తన జడను తెరపై నుండి ప్రేక్షకుల వైపు వ్రేలాడవేయుట సంప్రదాయము. పాత్రధారి ముఖము కనబడక ముందు జడ కనబడును. ఆ జడపై నాగపడగ, సూర్యచంద్రుల బిళ్ళలు మొదలగు అలంకారములు అంత ఘనముగ ఉండుటకు కారణమిదియే. కొంతసేపు ఆ జడయే పాత్ర! ఈ ప్రవేశ విధానము తెలియనివారు పాత జడ దొరకినచో దానిని కేవలము ఆభరణమనుకొందురు. తెలిసినవారు దానిలో ఒక ఘట్టమునే చూతురు.

ఇక స్త్రీ పాత్రల రవికెలు. కూచిపూడిలో పూర్వము స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. పద్యనాటకములలోను చాలకాలము అట్లే జరిగినది. స్త్రీ పాత్రధారణలో అపూర్వమైన కీర్తి పొంది 1956లో పద్మశ్రీ బిరుదమందిన స్థానం నరసింహారావుగారు (1902–1971) ఆ తరమువారే. ఇందుకు భిన్నముగ, 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున కీచకవధ నాటకముతో వనారస గోవిందరావుగారు ఆరంభించిన సురభి నాటక సంప్రదాయమున స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించిరి. కుటుంబములు కుటుంబములుగ నటించిరి. కనుక సత్యభామ రవికె ఒకటి దొరకినచో, దాని భుజముల కొలత, చేతుల పొడవు, లోపలి మెత్తల కుట్లు చూచి అది ఏ సంప్రదాయమునకు చెందినదో ఊహింపవచ్చును. చిన్న పిల్లల కొలతకు కుట్టిన అంగీ దొరకినచో అది ప్రహ్లాదునిదో, లోహితాస్యునిదో, కుశలవులదో కావచ్చును. ఆ బృందమున బాలనటులుండిరని అది చెప్పుచున్నది.

ఉడుపు మెడపట్టీకి అంటిన రంగు కూడ సాక్ష్యమే. పూర్వము వేషధారులు ముఖమునకు అరదళము పూసికొనెడివారు. ఆ పసుపు మరక ఏ పాత్ర ముఖమునకు ఏ రంగు వేసిరో తెలుపును. అయితే అరదళము విషపదార్థము గల ఖనిజము. అట్టి పాత వస్తువులను తాకినవారు చేతులు శుభ్రముగ కడుగుకొనవలెను. పిల్లల చేతికి ఈయరాదు.

కాలమును నిర్ణయించుట

పెద్దలు ఒక వేషము ‘నూరేండ్లది’ అని చెప్పుదురు. అది నిజమా యని తెలిసికొనుటకు కొన్ని గుర్తులు కలవు. కృత్రిమ రంగు మొట్టమొదట 1856లో కనుగొనబడినది. కనుక అట్టి రంగు వేసిన గుడ్డ అంతకు పూర్వపుది కాజాలదు. కుట్టుయంత్రములు పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము నుండియే వ్యాపించినవి. సమానమైన యంత్రపు కుట్టు ఉన్నచో ఆ కుట్టు తరువాతిది. అల్యూమినియము చవుకగ తీయు పద్ధతి 1886లో కనుగొనబడినది. నైలాను 1938లో లోకమునకు వెల్లడియైనది. రవివర్మ చిత్రముల అచ్చు యంత్రశాల 1894లో బొంబాయిలో స్థాపింపబడి, దేవతల చిత్రపటములను ఇంటింటికి చేర్చినది. అట్టి పటమును పోలి కుట్టించిన సరస్వతి వేషమో, శ్రీకృష్ణుని వేషమో దొరకినచో అది ఆ పటములు ప్రచారములోనికి వచ్చిన పిమ్మటిదై ఉండవచ్చును.

మఖమలు కోట్లు, వానిపై జరీపని కూడ ఒక కాలమును సూచించును. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము మన పట్టణములకు వచ్చి ఆడిన ప్రదర్శనములు తెలుగువారిని ఎంతయు ఆకర్షించినవి. పార్సీ నాటకముల ప్రభావము కూడ తోడైనది. వీధి విడిచి పందిరిలోనికి, కాగడా విడిచి పెద్ద దీపములలోనికి నాటకము మారినది. కొయ్య భుజకీర్తుల రాజు మఖమలు కోటు రాజుగ మారుట ఆ మార్పునకు గుర్తు. ఒకే ఊరి పెట్టెలో ఈ రెండును దొరకినచో, ఆ ఊరు రెండు యుగముల నాటకమును చూచినదని తెలియును.

వేషము తప్పు చెప్పుట కూడ కలదు

వేషము ఎల్లప్పుడు నిజమే చెప్పునని నమ్మరాదు. ఒక కిరీటము ఈ సంవత్సరము దుర్యోధనునిది, మరుసటి సంవత్సరము రావణునిది కావచ్చును. పాత చీర కత్తిరించి అంగీ కుట్టినచో గుడ్డ వయస్సు వేరు, అంగీ వయస్సు వేరు. బలమైన ఉడుపులు వాడి వాడి చిరిగి నశించును. ఇష్టపడక మూలబెట్టినది చెక్కుచెదరక నిలుచును. కనుక మిగిలినదే ఎక్కువగ వాడినదని అనుకొనుట పొరపాటు. ఇందువలననే వేషముతో పాటు దాని కథను, అనగా ఎవరిది, ఏ పాత్రది, ఎవరు కుట్టిరి, ఎవరి నుండి ఎవరికి వచ్చినది అను సంగతులను వ్రాసియుంచవలెను. వస్తువు ఇంకను కొంతకాలము నిలువవచ్చును. కథ చెప్పగల వృద్ధులు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ పనికి పెద్ద వ్యయము అక్కరలేదు. శ్రద్ధ కావలెను.

1. గ్రామమున భాగవతులు, చిందు కళాకారులు, నాటక సమాజములవారు ఎవరి యిండ్లలో వేషసామగ్రి ఉన్నదో విచారించి ఒక పుస్తకమున జాబితా వ్రాయవలెను. వస్తువు పేరు, పొడవు, వెడల్పు, బరువు, ఎవరి యింట ఉన్నది అను వివరములు చాలును.

2. ప్రతి వస్తువునకు ముందువైపు, వెనుకవైపు, లోపలివైపు మూడు ఛాయాచిత్రములు పగటి వెలుగులో తీయవలెను. చేతిఫోను చాలును. ప్రక్కన కొలబద్ద ఉంచినచో మంచిది.

3. వేషము ధరించిన పెద్దలు జీవించియున్నచో వారి మాటలను వారి కంఠముతోనే ఫోనులో ధ్వనిముద్రణ చేయవలెను. ఏ పాత్రకు ఏది ముందు కట్టుదురో, ఎట్లు ముడివేయుదురో వారిచే చేయించి చూపించినచో ఇంకను మేలు.

4. వస్తువులు ఎవరివో వారివే. పంచాయతీ వానిని స్వాధీనము చేసికొనరాదు. యజమాని తనంతట తాను ఇచ్చినచో వ్రాతపూర్వకముగ రసీదు ఇచ్చి, తీర్మానపు పుస్తకమున నమోదు చేయవలెను. అణగిమణగి బ్రతికిన కళాకారుల కుటుంబములకు ఆ వస్తువుతో పాటు గౌరవము కూడ చెందవలెను. వారి పేరు లేకుండ వారి కిరీటమును ప్రదర్శించుట న్యాయము కాదు.

5. పాత ఉడుపులను ఉతుకరాదు, ఇస్త్రీ చేయరాదు. కొన్ని పాత చమ్కీలు జెలటిన్‌తో చేసినవి. నీరు తగిలినచో కరగిపోవును. నల్లబడిన జరీని తోమరాదు. కొయ్య ఆభరణములకు కొత్త రంగు పూయరాదు. మన కంటికి మురికిగ తోచు మరకయే పరిశోధకునకు ఆధారము.

6. ఎండ తగులని, తేమ లేని గదిలో, చెదలు పట్టకుండ నేలకు ఎత్తుగ ఉంచవలెను. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డలో చుట్టవలెను. వార్తాపత్రికలలో చుట్టరాదు, ఆ కాగితపు పులుపును, సిరాయు గుడ్డను చెరచును. మడతల మధ్య మెత్తని గుడ్డచుట్ట ఉంచి, అప్పుడప్పుడు మడత మార్చవలెను. వేపాకు వేయదలచినచో ఎండబెట్టి మూటకట్టి ఒక మూలన ఉంచవలెను గాని ఉడుపునకు తగులనీయరాదు.

7. నేటికిని ఆడుచున్న బృందములు పాత వేషమునే ధరింపవలసి వచ్చినచో, దానిని చూచి అదే తీరున కొత్తది చేయించుకొనుట మేలు. పాతది సాక్ష్యముగ నిలుచును. కొత్తది చేయు పనివానికి జీవనము దొరకును. పనితనము తరువాతి తరమునకు అందును.

8. అరుదైన వస్తువు దొరకినపుడు రాష్ట్ర పురావస్తు శాఖవారికిని, విశ్వవిద్యాలయములలోని రంగస్థల, జానపద శాఖలవారికిని తెలియజేయవలెను. నిపుణులు వచ్చువరకు దానిని బాగుచేయు ప్రయత్నము చేయరాదు.

గ్రామ చరిత్రమనగానే మనము శాసనములను, దేవాలయములను తలచుకొందుము. అవి రాజులను, దాతలను గూర్చి చెప్పును. వెలిసిన వేషము మరియొక చరిత్రను చెప్పును. పగలు పొలము దున్ని రాత్రి ధర్మరాజైన వానిని గూర్చి, ఊరూర తిరిగి కథ చెప్పి పొట్టపోసికొన్న కుటుంబమును గూర్చి, తెల్లవారువరకు కన్నార్పక చూచిన ప్రేక్షకులను గూర్చి అది చెప్పును. శాసనమున వారి పేర్లుండవు. ఆ అంగీ మెడపట్టీలో రెండు పొడి అక్షరములుగ మాత్రము ఉండవచ్చును.

రాబోవు గ్రామసభలో పెద్దలను ఒక్కమాట అడుగుడు: ‘మన ఊరిలో వేషపు పెట్టె ఎవరి యింట ఉన్నది?’ పాతజరీ కొనువాడు ఆ యింటి గడప త్రొక్కక ముందే పంచాయతీ సభ్యుడు అచ్చటికి వెళ్ళుట మంచిది.